బ్యాకప్ ఉందని ధైర్యంగా ఉన్నం, తెరిచి చూస్తే ప్రశ్న గుర్తులు

 

కొంచెం పొడుగు పోస్టు ఇది. కంప్యూటర్ సంగతి కదా అని బీటెక్ వాళ్లకు వదిలేయకండి. మన భాషల మీద, మన ఊళ్ల లెక్కల మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ చెప్పాల్సిన ముచ్చట. ఇందులో మా తప్పు ఉంది. దాన్ని దాచకుండా చెప్తున్నం, ఎందుకంటే మీరు అదే తప్పు చేయొద్దు.

మేము ఉట్నూరు దిక్కు ఊళ్ల నుంచి వచ్చి చదువుకుంటున్న కొందరం. రెండేళ్ల కింద ఎండాకాలం సెలవుల్లో ఊళ్లు తిరిగి గోండి మాటలు రాసుకోవడం మొదలుపెట్టినం. చెట్ల పేర్లు, పిట్టల పేర్లు, విత్తనాల పేర్లు, చుట్టరికాలు, పెళ్లిలో వాడే మాటలు, ఎడ్లను అదిలించే మాటలు. మన తరం నోట్లోంచి ఇవి ఒక్కొక్కటే జారిపోతున్నయని మీకూ తెలుసు. మొదట నోటుబుక్కులో రాసినం, తర్వాత ఎక్సెల్‌లో పెట్టినం. మాటలు వేలల్లోకి పోయేసరికి ఎక్సెల్‌లో గందరగోళం మొదలైంది. ఒకే అవ్వ పేరు నాలుగు తీర్ల స్పెల్లింగుతో ఉండేది. అందుకే రూములో ఉన్న పాత డెస్క్‌టాప్‌లో మైఎస్‌క్యూఎల్ వేసి డేటాబేస్ చేసినం. ఊళ్లకు ఒక టేబుల్, మాట చెప్పిన పెద్దలకు ఒక టేబుల్, మాటలకు ఒక టేబుల్. అవ్వ పేరు ఒక్కసారి రాస్తే చాలు, ఆమె చెప్పిన ప్రతి మాటకూ ఆమె నంబరు తగిలిస్తే అయిపోతది. రిలేషనల్ డేటాబేస్ అంటే భయపడేది ఏమీ లేదు, ఇంతే.

ప్రతి మాటకు మూడు గడులు పెట్టినం. ఒకటి గుంజాల గోండి లిపిలో మాట, రెండోది తెలుగు లిపిలో అదే మాట, మూడోది తెలుగులో అర్థం. లిపి తెలిసిన ఒక పెద్దాయన మాకు నోటుబుక్కు నిండా రాసిచ్చిండు. అవి ఎక్కించేటప్పుడు గోండి లిపి గడి, అర్థం గడి నింపినం. తెలుగు లిపి గడి "తర్వాత చూద్దాం" అని ఖాళీ వదిలినం. నోటుబుక్కు ఆయనకు తిరిగి ఇచ్చేసినం. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

బ్యాకప్ తీయలేదా అంటే, తీసినం. మాలో ఒకన్న కంప్యూటర్ పని అంతా చూసుకునేటోడు. ప్రతి ఆదివారం కమాండ్ లైన్‌లో డంప్ తీసి, పెన్‌డ్రైవ్‌లో తేదీ వేసి పెట్టేటోడు. మేమంతా నిశ్చింతగా ఉన్నం. పోయిన వానాకాలం కరెంటు పోతూ వస్తూ ఉండంగ హార్డ్ డిస్క్ చచ్చిపోయింది. అయినా ఎవరం భయపడలే. పెన్‌డ్రైవ్ ఉంది కదా! ఇంకొక లాప్‌టాప్‌లో ఎక్కించినం. ఒక్క ఎర్రర్ రాలే. టేబుళ్లు వచ్చినయి, వరుసల లెక్క సరిపోయింది, తెలుగు అక్షరాలు ముత్యాల్లెక్క కనిపించినయి. ఆ రాత్రి చాయ్ తాగి సంబురంగ పడుకున్నం.

నాలుగు రోజుల తర్వాత, లిపి నేర్చుకుంటున్న మా చెల్లె ఒకామె తెరిచి చూసి ఫోన్ చేసింది. "అన్నా, గోండి గడి అంతా ప్రశ్న గుర్తులే ఉన్నయి."

ఫాంట్ లేదేమో అనుకున్నం. కానీ తేడా ఉంది, అందరూ తెలుసుకోండి. ఫాంట్ లేకపోతే ఖాళీ డబ్బాలు కనిపిస్తయి. అక్షరం లోపల భద్రంగనే ఉంటది, ఫాంట్ వేస్తే వస్తది. ప్రశ్న గుర్తు కనిపిస్తే మాత్రం చాలాసార్లు అక్షరమే పోయిందని అర్థం. హెక్స్ అనే ఫంక్షన్‌తో లోపల ఏముందో చూడొచ్చు. గుంజాల గోండి అక్షరమైతే ఎఫ్0, 91 అని మొదలవ్వాలి. మాకు వరుసగా 3ఎఫ్, 3ఎఫ్, 3ఎఫ్ అని వచ్చింది. అది ప్రశ్న గుర్తు నంబరు. పాత తేదీల ఫైళ్లు తీసి చూసినం. అన్నిట్లోనూ అదే. అంటే మొదటి ఆదివారం నుంచీ మేము దాచుకున్నది ప్రశ్న గుర్తులనే.

పెద్దాయన రాసిచ్చిన మాటల్లో సగానికి పైగా ఫోన్లలో ఉన్న పేజీల ఫొటోల నుంచి మళ్లీ టైప్ చేసినం. మిగిలినవి లేవు. ఆయన ఇంట్లో నోటుబుక్కు దొరకలే. ఆయనకు ఇప్పుడు చూపు ఆనదు, మళ్లీ రాయలేడు. మా టేబుల్లో ఆ వరుసలు ఇంకా అట్లనే ఉన్నయి. అర్థం ఉంది, మాట లేదు.

ఎందుకిట్ల అయింది? కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ బైట్ల లెక్కన దాస్తది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైటు, తెలుగు అక్షరానికి 3 బైట్లు. మన లిపులు యూనికోడ్‌లోకి ఆలస్యంగా వచ్చినయి. సవరల సోరా సోంపెంగ్ 2012లో, మసరం గోండి 2017లో, గుంజాల గోండి 2018లో చేరినయి. ఈ మూడింటికీ అక్షరానికి 4 బైట్లు కావాలి. సంతాలీల ఓల్ చికి ముందే చేరింది, దానికి 3 చాలు. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పేరున్న పాత పద్ధతి 3 బైట్ల వరకే పట్టిస్తది. 4 బైట్ల అక్షరాలకు యూటీఎఫ్8ఎంబీ4 అని వేరే ఉంది. మా టేబుళ్లు ఎంబీ4లోనే చేసినం, అందుకే తెర మీద లిపి మంచిగ కనిపించేది. కానీ మా దగ్గరున్న 5.7 వెర్షన్‌లో డంప్ తీసే ప్రోగ్రాం, మనం ఏమీ చెప్పకపోతే, 3 బైట్ల పద్ధతిలోనే తీస్తది. పట్టని అక్షరం చోట ప్రశ్న గుర్తు పెట్టి ముందుకు పోతది. ఎర్రర్ చెప్పదు. 8.0 వెర్షన్ నుంచి ఇది మారింది. ఇదంతా మాన్యువల్‌లో రాసే ఉంది, మేమే చదవలే.

చిన్న టెక్నికల్ పొరపాటు అని కొట్టేయొచ్చు. మాకు అట్ల అనిపించడం లేదు. ఎక్కువమంది మాట్లాడే భాషలకు ఆ దారి బాగనే నడిచింది. ఇంగ్లిష్ పోలే, హిందీ పోలే, తెలుగు పోలే. పోయింది మనదే. అంతకంటే బాధ ఏందంటే, రీస్టోర్ చేసిన రాత్రి మేము కూడా తెలుగు గడినే చూసినం. తెలుగు మంచిగుంటే అంతా మంచిగున్నట్టే అనుకున్నం. గోండి మాటల కోసమే కట్టిన డేటాబేస్‌లో గోండి గడిని చూడాలని ఎవరికీ తట్టలే. సర్కారోళ్లు మన భాషను చూడరు అని ఎన్నిసార్లు అనలేదు మనం? ఆ రాత్రి మేమూ చూడలే.

అందుకే మా మాట ఒక్కటే. రీస్టోర్ చేసి, ఆ భాష చదవగలిగిన మనిషి కళ్లతో చూడనంతవరకు, దాన్ని బ్యాకప్ అనకండి. అది ఒక ఫైలు, అంతే. పది చోట్ల పెట్టినా పది చోట్లా అదే తప్పు ఉంటది.

మా లాంటి పిల్లలకే ఇట్ల అయితది అనుకోకండి. గిట్‌ల్యాబ్ అని ప్రపంచమంతా ప్రోగ్రామర్లు వాడే సంస్థ ఉంది. 2017 జనవరి 31న అక్కడి ఇంజనీరు ఒకాయన, రాత్రి పనిలో, ఒక సర్వర్ అనుకుని ఇంకొక సర్వర్‌లో డేటా తుడిచేసిండు. దాదాపు 300 జీబీ పోయింది. బ్యాకప్ చూస్తే పెట్టాల్సిన చోట ఏమీ లేదు. డేటాబేస్ ఒక వెర్షన్, డంప్ తీసే ప్రోగ్రాం పాత వెర్షన్, అందుకే డంప్ ప్రతిసారీ ఫెయిల్ అవుతూ వచ్చింది. ఫెయిల్ అయిందని పోవాల్సిన మెయిళ్లు కూడా ఎవరికీ అందలే. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన కాపీ ఒకటి ఉంది కాబట్టి బతికిపోయిండ్రు. ఆ ఆరు గంటల్లో జనం చేసిన పని పోయింది. వాళ్లు చేసిన మంచి పని ఏందంటే, జరిగింది జరిగినట్టు లోకం ముందర పెట్టిండ్రు. డబ్బున్న సంస్థలో, ఇంతమంది ఇంజనీర్లు ఉన్నకాడ కూడా "బ్యాకప్ నడుస్తుంది" అని నమ్మిండ్రే తప్ప తెరిచి చూడలే. మనం ఆ సంగతి పెన్‌డ్రైవ్ మీద నేర్చుకున్నం.

ఇప్పుడు పని ఎట్ల చేయాలో చెప్తం. కమాండ్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఇక్కడ పలికే తీరు రాస్తున్నం.

బ్యాకప్ తీసే ప్రోగ్రాం పేరు మైఎస్‌క్యూఎల్‌డంప్. డేటాబేస్‌ను మొత్తం చదివి, "ఈ టేబుల్ కట్టు, ఈ వరుసలు పెట్టు" అని ఆదేశాల రూపంలో ఒక మామూలు ఫైలు రాస్తది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవొచ్చు. దానికి మూడు ఆప్షన్లు తప్పకుండా ఇవ్వండి. డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని ఇవ్వాలి, మాకు పోయింది ఇక్కడే. సింగిల్ ట్రాన్సాక్షన్ అని ఇస్తే, డంప్ నడుస్తుండగా ఎవరన్నా మాటలు ఎక్కిస్తున్నా, మొదలుపెట్టిన క్షణంలో డేటా ఎట్లుందో అట్లనే ఫైల్లోకి వస్తది. ఇది ఇన్నోడీబీ రకం టేబుళ్లకు పనిచేస్తది, ఇప్పుడు మామూలుగా అందరివీ అవే. మూడోది రిజల్ట్ ఫైల్. విండోస్‌లో పవర్‌షెల్ వాడేటోళ్లు బాణం గుర్తుతో ఫైల్లోకి పంపితే అది యూటీఎఫ్-16లో రాస్తది, ఆ ఫైలు తర్వాత సరిగా ఎక్కదు. రిజల్ట్ ఫైల్ ఆప్షన్ ఇస్తే ఆ బాధ లేదు. పాస్‌వర్డ్‌ను కమాండ్‌లోనే రాయకండి. పీ ఆప్షన్ ఒక్కటి ఇచ్చి వదిలితే అదే అడుగుతది.

తీసినంక ఫైలు చివరి లైను చూడండి. డంప్ పూర్తయిందని తేదీతో ఒక లైను ఉంటది. అది లేకపోతే మధ్యలో ఆగిపోయినట్టు అనుకోవాలి. ఫైలు సైజు కూడా చూడండి. డంప్‌ను నేరుగా జీజిప్‌లోకి పంపి కుదించేటోళ్లు ఇంకా జాగ్రత్త. డంప్ ఫెయిలైనా జీజిప్ మాత్రం తన పని అయిందనే చెప్తది, 20 బైట్ల ఉత్త ఫైలు మిగులుతది.

ఇక రీస్టోర్. అసలు డేటాబేస్ మీద ఎప్పుడూ ప్రయత్నం చేయకండి. డంప్ ఫైల్లో ప్రతి టేబుల్‌కు ముందు "పాతది ఉంటే తీసేయి" అనే ఆదేశం మామూలుగనే ఉంటది. పోయిన నెల ఫైలును అసలు దాని మీద ఎక్కిస్తే ఈ నెల కష్టమంతా పోతది. "పరీక్ష" అని వేరే పేరుతో ఖాళీ డేటాబేస్, ఎంబీ4లోనే, చేసుకుని అందులోకి మైఎస్‌క్యూఎల్ ప్రోగ్రాంతో ఫైలును ఎక్కించండి. ఇంకొక గుంత ఉంది. డంప్ తీసేటప్పుడు డేటాబేసెస్ అనే ఆప్షన్ ఇచ్చి ఉంటే అసలు డేటాబేస్ పేరు ఫైల్లోనే ఉంటది. మీరు పరీక్ష పేరు ఇచ్చినా అది పోయి అసలు దాని మీదనే కూర్చుంటది. ఎక్కించే ముందు ఫైలు మొదటి పేజీ చదవండి. యూజ్ అనే మాటతో మొదలయ్యే లైను ఉంటే ఆగండి. వేరే కంప్యూటర్‌లో పరీక్ష చేస్తే ఇంకా మంచిది.

ఎక్కినంక చూడాల్సినవి: ప్రతి టేబుల్‌లో వరుసల లెక్క, పాతకాలపు మాటలు కొన్ని, నిన్న ఎక్కించిన మాటలు కొన్ని, ప్రతి లిపిలో కొన్ని. లిపి ఫాంట్ లేని చోట ఒక ఉపాయం ఉంది. నవ్వే మొహం బొమ్మ, అంటే ఎమోజీ, దానికి కూడా 4 బైట్లే. డేటాబేస్‌లో ఒక పరీక్ష వరుస పెట్టి అందులో ఎమోజీ రాయండి. రీస్టోర్‌లో అది నవ్వుతూ వస్తే మీ గోండి, మీ సవర కూడా వచ్చినట్టే అని చాలావరకు నమ్మొచ్చు. ప్రశ్న గుర్తుగా మారితే అక్కడే పట్టుబడ్డది. పోస్ట్‌గ్రెస్ వాడేటోళ్లకు ఈ 3 బైట్ల తిప్పలు లేదు, డేటాబేస్ యూటీఎఫ్-8లో ఉంటే చాలు. కానీ పీజీ డంప్ యూజర్లను తీయదు, వాళ్ల కోసం పీజీ డంప్ ఆల్ వేరేగా నడపాలి.

ఇది చదివి కొందరు అడుగుతరు: ఈ నల్ల తెర తిప్పలు ఎందుకు, బొత్తాం నొక్కితే అయ్యేవి ఉన్నయి కదా అని. ఉన్నయి. పీహెచ్‌పీ మైఅడ్మిన్‌లో మేమూ చేసినం. ఫైలు చిన్నగున్నన్ని రోజులు పనిచేస్తది. పెద్దదైతే ఎక్కించేటప్పుడు సర్వర్ సైజు పరిమితి దగ్గర, టైము పరిమితి దగ్గర ఆగిపోతది. కమాండ్‌కు ఆ పరిమితులు లేవు, నెట్ అక్కర్లేదు, పాత డొక్కు కంప్యూటర్‌లో కూడా నడుస్తది. అన్నిటికంటే ముఖ్యం, కమాండ్‌ను కాగితం మీద రాసి గోడకు అంటించొచ్చు. "ఎడమ దిక్కు మూడో బొత్తాం నొక్కు, ఆ తర్వాత వచ్చే డబ్బాలో టిక్కు తీసేయి" అని ఫోన్లో చెప్పి చూడండి ఎంత తిప్పలో. కాగితం మీద ఉన్న లైను ఇంటర్ చదివే తమ్ముడు కూడా చూసి కొట్టగలడు, తప్పు ఎక్కడుందో అందరం చూడగలం. మా అన్న చేసిన డంప్‌లో తప్పు ఇన్నాళ్లు ఎందుకు దొరకలేదంటే, ఆ లైను ఆయన తలకాయలో మాత్రమే ఉండె. ఆయన తప్పు కాదు ఇది. పని అంతా ఒక్కనికి అప్పజెప్పి, "కంప్యూటర్ అన్న చూసుకుంటడు" అని నిద్రపోయిన మా అందరి తప్పు.

గూగుల్ షీట్ చాలదా అంటే, రెండు మూడు వందల మాటల వరకు బ్రహ్మాండంగా చాలు. దాన్ని కూడా నెలకోసారి దించుకుని పెట్టుకోండి. ఖాతా ఒక్కరి పేరు మీద ఉండి, ఆ ఒక్కరు పాస్‌వర్డ్ మరిచిపోయినా షీట్ పోయినట్టే.

ఇంకొక మాట, మాటల కంటే బరువైనది. మన గ్రూపుల్లో కొందరు స్కాలర్‌షిప్ ఆగిన పిల్లల లిస్టులు, 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాలకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల లిస్టులు పెట్టుకుంటున్నరు. మంచి పని. దరఖాస్తు ఎప్పుడిచ్చినరో, ఏ కాగితాలు జతచేసినరో మన దగ్గర లెక్క ఉంటే, "మీ ఫైలు మాకు రాలేదు" అనేటోళ్ల ముందర మనం నిలబడగలం. కానీ అందులో ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉంటయి. బ్యాకప్ అంటే అవన్నీ ఉన్న ఫైలు. దాన్ని వాట్సాప్ గ్రూపులో పడేయడం, తాళం లేని పెన్‌డ్రైవ్‌లో జేబులో వేసుకుని బస్సుల్లో తిరగడం మన జనానికి ద్రోహం. జీపీజీ అనే ప్రోగ్రాంతో పాస్‌వర్డ్ పెట్టి మూసేయొచ్చు, అది కూడా ఒక్క కమాండే. ఆ పాస్‌వర్డ్ కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. లేకపోతే మన తాళం మనకే రాదు. అసలు అవసరం లేని నంబరును మొదటే రాసుకోకపోవడం ఇంకా మేలు.

ఇప్పుడు మేము పెట్టుకున్న పద్ధతి చెప్తం. కాపీలు మూడు: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి బయటి హార్డ్ డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్లో. ప్రతి నెలా రెండో శనివారం రీస్టోర్. పోయినసారి చేసినవాళ్లు ఈసారి చేయొద్దు, కొత్తవాళ్లు గోడ మీది కాగితం చూసి చేయాలి. లిపి చదవగలిగిన చెల్లె పక్కన కూర్చుని, తనకిష్టమైన ఇరవై వరుసలు తెరిచి చదవాలి. ఆమె సరే అంటేనే నోటుబుక్కులో తేదీ రాసి సంతకం పెడతం. మొదటి శనివారం మూడు గంటలు పట్టింది, రెండుసార్లు తిట్టుకున్నం కూడా. ఇప్పుడు అరగంట.

మీ దగ్గర కోయ, కొలామి, సవర, కువి, ఏ భాష మాటలున్నా, ఏ ఊరి లిస్టున్నా, మీ టీమును ఒక ప్రశ్న అడగండి. బ్యాకప్ తీస్తున్నరా అని అడగకండి, అందరూ తీస్తున్నం అనే అంటరు. మేమూ అన్నం. చివరిసారి ఎప్పుడు రీస్టోర్ చేసిండ్రు, ఎవరు చదివి చూసిండ్రు అని అడగండి. జవాబు లేకపోతే ఈ ఆదివారమే కూర్చోండి. కమాండ్ కాగితం కావాలంటే కింద రాయండి, ఫొటో పంపుతం. దగ్గరలో ఉంటే వచ్చి పక్కన కూర్చుంటం.

పెద్దాయన దగ్గరికి పోయిన నెల మళ్లీ పోయినం. జరిగింది చెప్పినం. కోపం చేయలే. మా టేబుల్లో అర్థం మాత్రమే మిగిలిన వరుసలు ఒక్కొక్కటి చదివి వినిపిస్తే, గుర్తున్న కాడికి మాట చెప్తున్నడు. కొన్ని వెంటనే చెప్పిండు. కొన్నిటికి చాలాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపిండు. సగం వరుసలే అయినయి. వచ్చే సెలవులకు మళ్లీ పోతున్నం. ఈసారి తెలుగు గడి ఖాళీ వదలం.

జై ఆదివాసీ.